జత కిటికీ

రండమ్మా, రండి, పొయ్యి దగ్గరికి జరగండి. తడిసిన కోట్లు కుర్చీల మీద ఆరేసి, టీ కప్పులు చేతిలో పట్టుకుని చెవులు ఇటివ్వండి. మన కిల్‌డర్రా మేడలో దేవుడి దయ ఎలా దారి చేసుకుందో చెబుతాను.

ఆ మేడ బాగోగులు చూసేది డింప్నా గెరటీ, ఆవిడ మొగుడు మాలకీ. దొరలంతా పోయాక మేడ ప్రభుత్వ రక్షణలోకి వెళ్ళింది. అంటే అక్కడ మేకు కొట్టాలన్నా అనుమతి కావాలి. కింది గదుల చెమ్మ మాలకీ ఊపిరితిత్తులకి పడదని, ఆలుమగలు మేడమీది మూలగదిలో ఉండేవాళ్ళు. తలపైన సున్నపు ద్రాక్షగుత్తులు చెక్కిన పైకప్పు, దాని కింద వాన నీటికి పెట్టిన బకెట్టు.

పొద్దున్నే డింప్నా కిటికీలకి లోపలివైపున్న చెక్క రెక్కలు తెరిచి, పాత న్యూస్‌పేపరు వెనిగర్లో ముంచి అద్దాలు తుడిచేది. ఆ గదికి రెండు కిటికీలు. ఒకటి సరస్సు వైపు చూస్తుంది. రెండోది ఎటూ చూడదు. ఆ కాలపు దొరలకి కుడిపక్క ఏముంటే ఎడమపక్కా అదే ఉండాలి. అక్కడేమో గోడలో పొగగొట్టం అడ్డం. అందుకని గోడకి లోపలా బయటా చట్రం, అద్దాలు, గడియ అన్నీ బిగించి, వెనక ఇటుకలకి నల్లరంగు పూసేశారు. బయటి నుంచి చూసేవాళ్ళకి జత కుదిరింది.

ఆ జత కిటికీకీ పొద్దున మంచు పట్టేది. ఒక్కోరోజు అద్దానికీ ఇటుకలకీ మధ్య వాన జారుతుండేది. డింప్నా దాన్నీ తుడిచేది.

"ఇవాళ ఎలా ఉందే?" అని మంచం మీంచి మాలకీ అడిగేవాడు.

"నీ సరస్సు కిటికీలో వాన. నా జత కిటికీలో ఎండ."

"అయితే బట్టలు నీ కిటికీలో ఆరేయి."

పక్కింటి నూలా ఫాలన్ వచ్చినప్పుడల్లా ఎత్తిపొడిచేది. "వెలుతురివ్వని కిటికీకి ఇంత సేవ దేనికే? అంత ఓపికుంటే మా ఇంటికి రా, చూపిస్తాను పని."

"మురికి పట్టింది, తుడుస్తున్నాను. నీ మొహానికి పట్టినా తుడుస్తాను, ఇలా రా అక్కా."

ఆ ఆకురాలు కాలంలో మాలకీ ఊపిరి బరువెక్కింది. డాక్టరు చేతులెత్తేశాడు. ఫాదర్ వచ్చి నూనె పూసి ప్రార్థన చేసి వెళ్ళాడు. అయినా ప్రాణం పోదు. ప్రతి ఊపిరీ గొంతు దగ్గర ఆగి, తిరిగి లోపలికే పోయేది. చూసేవాళ్ళకే భరించరాని బాధ.

మన పద్ధతి మీకు తెలిసిందే. మనిషి వెళ్ళే వేళ కిటికీ తెరవాలి. మంచానికీ కిటికీకీ మధ్య ఎవరూ నిలబడకూడదు. తలుపు తెరిస్తే లాభం లేదు, ఆత్మ మెట్ల దగ్గరే తిరుగుతూ ఉండిపోతుంది. ఇక్కడేమో చట్రం పైకెత్తి తెరిచే రకం కిటికీలు, సరస్సు వైపుది పైకి లేవదు. లేవకుండా చేసింది మాలకీయే! చట్రం పుచ్చిపోయి, బాగుచేసే అనుమతి రాక, ఒక తుఫానుకి పాత అద్దాలు రాలిపోతాయేమోనని స్క్రూలు దింపి పైన రంగేశాడు. ఎంత నున్నగా వేశాడంటే ఏ స్క్రూ ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ కనబడదు. చెప్పడానికి ఆయనకి గుర్తులేదు.

మేడకి అనుమతులిచ్చే కౌన్సిల్ ఆఫీసరు టీర్నన్ స్కల్లీని పిలిపించారు. పాపం, మోకాళ్ళ మీద కూర్చుని చట్రమంతా వేళ్ళతో తడిమాడు.

"కదిలిస్తే మొత్తం ఊడి కింద పడుతుందమ్మా. అనుమతి నెలాఖరు మీటింగులో గానీ రాదు."

"చావుకి కూడా మీటింగు పెడతారా నాయనా?" అంది నూలా.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మా అమ్మ పోయినప్పుడు కిటికీ తెరిచింది నేనే అత్తా. నాకు తెలీదా? నా చేతుల్లో ఏముంది చెప్పు?" అంటూ టోపీ ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూలబడ్డాడు.

డింప్నా పొయ్యి దగ్గరి ఇనప ఊచ అందుకుని అద్దం మీదికి ఎత్తింది.

"వద్దే," అన్నాడు మాలకీ, ఊపిరి కూడదీసుకుని. "ఆ అద్దాలకి... పుట్టీ పెట్టింది నేను."

ఊచ కింద పెట్టేసింది. పగలగొట్టలేదు, తెరవలేదు, చూస్తూ ఊరుకోనూ లేదు. ఇరుగుపొరుగు వచ్చి జపమాల మొదలుపెట్టారు. బయట వాన పట్టుకుంది. జత కిటికీకి మంచు కమ్మింది. ఇంకేం చేయాలో తోచక డింప్నా పేపరు ఉండచుట్టి దాన్ని తుడవసాగింది.

ఆ చేతి కిందే చట్రం పైకి లేచింది. చప్పుడు లేదు. వెనక ఇటుకలు లేవు. కోసిన గడ్డి వాసనతో గాలి వచ్చింది.

"హమ్మయ్య, తెరుచుకుంది. జపం ఆపకండి," అంది నూలా.

కానీ మాలకీ ఊపిరి అలాగే వేలాడుతోంది. ఎందుకో అందరికీ తెలుసు. డింప్నా ఆ కిటికీ గట్టు రెండు చేతులా పట్టుకుని, దానికీ మంచానికీ సరిగ్గా మధ్యన నిలబడింది. జపం చేసే గొంతులు ఒక్కొక్కటే సన్నబడ్డాయి.

"డింప్నా," అంది నూలా చివరికి. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. "దారిలో నిలబడ్డావే తల్లీ."

"తెలుసక్కా."

"జరుగు మరి."

"జరిగితే వెళ్ళిపోతాడు."

నూలా జపమాల పూస వేలికింద అలాగే ఆగిపోయింది.

"ఎలా ఉందే అక్కడ?" అన్నాడు మాలకీ కళ్ళు తెరవకుండానే.

డింప్నా బయటికి చూసింది. "ఎండగా ఉంది."

"అయితే... బట్టలు ఆరతాయిలే."

డింప్నాకి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. పేపరు ఉండ గుండెకి హత్తుకుని, మెల్లగా పక్కకి జరిగి, గోడకి వీపు ఆనించింది.

మంచం దగ్గరి కొవ్వొత్తి మంట కిటికీ వైపు వంగి, మళ్ళీ నిటారుగా లేచింది. మాలకీ నుదుటి మీది ముడతలు విడిపోయాయి. కాసేపటికి చట్రం తనంతట తనే కిందికి దిగింది. దాని వెనక నల్లటి ఇటుకలు.

ఇళ్ళకి వెళ్ళాక కిటికీ సంగతి మరిచిపోతే పోండి నాయనలారా, తెరవడం దేవుడు చూసుకుంటాడు. డింప్నా పక్కకి జరిగింది చూడండి, అదొక్కటి గుర్తుపెట్టుకోండి. మీకు ఆ వేళ వచ్చినప్పుడు, ఎంత ఏడుపొచ్చినా సరే, ఆవిడలాగే జరగండి.