ఎదుటి కొట్లో కేక

బాడిస తెచ్చుంటే బాగుండేదేమో, కానీ బాడిస కర్రని చెక్కడానికి పుట్టింది, మనిషి మీద పడితే ఒక్క దెబ్బకే పని అయిపోతుంది, సుత్తి అయితే కాస్త నిదానం, ఎన్ని కావాలంటే అన్ని కొట్టొచ్చు, అనుకుంటూ నడుస్తున్నాడు గలాల్, ఏ పలకకి ఏ మేకు వెయ్యాలా అని రోజూ పడవ ముందు నిలబడి ఆలోచించినంత నెమ్మదిగా తన బుర్ర పనిచేస్తోందని అతనికే వింతగా తోచింది, వెనక మూడొందల మందో నాలుగొందల మందో, శుక్రవారం నమాజు నుంచి ఇళ్ళకి పోకుండా నేరుగా వచ్చేసినవాళ్ళు, కొందరి చంకల్లో నమాజు చాపలు, కొందరి చేతుల్లో అప్పుడే పేవ్‌మెంట్ నుంచి పెరికిన రాళ్ళు, బహరీ పేట సందుల్లో సముద్రపు గాలి ఎదురు కొడుతోంది, చేపల మార్కెట్ నీచు వాసన, పక్కన నడుస్తున్న రగబ్ ఒంటి మీద కూడా అదే వాసన, చేపలమ్మే రగబ్, వాడి నోరు మసీదు మెట్ల దగ్గర మొదలెట్టి ఇంకా ఆగలేదు, విన్నావా మేస్త్రీ ఆ షేక్ ఏం చదివాడో, కాగితం పైనుంచి వస్తే చదివేయడమేనా, గాలిలో వచ్చే టీవీ బొమ్మని సొమ్ము కట్టకుండా చూడడం దొంగతనమట, నీ తమ్ముడు దొంగ అని చెప్పాడు మేస్త్రీ, వాడు పోయిన నలభయ్యో రోజున, నీ మొహం మీదే.

చెప్పలేదు, తమ్ముడు నాదిర్ పేరు చెప్పలేదు, నమాజు చేయించే ఆ ముసలి షేక్ కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు, అంతే, వెనక వరసలోంచి ఎవరో లేచి, సరే షేక్ గారూ, దొంగిలించిన చేతికి శిక్ష ఉంది, ఊరికే చూసిన కళ్ళకి ఏం శిక్ష, చంపేయడమా, అన్నప్పుడు మసీదంతా ఒక్కసారి లేచింది, చెప్పులు వేసుకోకుండానే కొందరు బయటికొచ్చారు, గలాల్ మాత్రం చెప్పులు వేసుకుని, పనికొట్టుకి వెళ్ళి, సుత్తి తీసుకుని వచ్చాడు, వాళ్ళు అతని కోసం ఆగారు, అతను ముందు నడవాలని దారిచ్చారు, రక్తం అతనిది కదా.

చట్టం వచ్చిన కొత్తలో నవ్వుకున్నారు అందరూ, దొంగ ప్రసారం చూపించినవాడికి మూడేళ్ళు, చూసినవాడికి ఆరు నెలలు అని పేపర్లో వస్తే ఆ పేపర్లోనే ఉడికిన చిక్కుళ్ళు పొట్లం కట్టుకున్నారు, ఆడవాళ్ళు డాబాల మీద బట్టలారేసే తీగల కింద టీవీ తీగలు దాచారు, ఓడరేవు గోడ మీద ఎవడో సముద్రానికి కూడా టికెట్ పెట్టండి అని రాస్తే, ఆ అక్షరాలు నాదిర్ రాసినవేనని గలాల్‌కి చూడగానే తెలిసింది, పడవల ముక్కుల మీద పేర్లు రాసేది వాడే కదా, ఇరవై నాలుగేళ్ళవాడు, ఎప్పుడూ గోళ్ళ సందుల్లో నీలం రంగు, ఒరేయ్ నీ చేతిరాత పోలీసులు కూడా గుర్తుపడతారురా అంటే, గుర్తుపడితే వాళ్ళ పడవకి కూడా రాయించుకుంటారులే అన్నా, అని నవ్వాడు, శవాల గదిలో గుడ్డ తీసి చూపించినప్పుడు మొహం చూసి గలాల్ తమ్ముణ్ణి పోల్చుకోలేకపోయాడు, మొహంలో పోల్చుకోడానికి ఏమీ మిగల్లేదు, గోళ్ళు చూసి అవునన్నాడు.

ఆ మర్నాటి నుంచి నవ్వులాట ఆగిపోయింది, ఆ వారం ఊళ్ళో మూడు పోలీసు బళ్ళు తగలబడ్డాయి, ఛానెల్ కంపెనీ బోర్డు ఉన్న కొట్టు కనిపిస్తే చాలు అద్దాలు పోయాయి, పాపం వాళ్ళు అమ్మేది రీచార్జి కార్డులే అయినా పోయాయి, కంపెనీ ఎక్కడో అరబ్బు షేకుల దేశంలో ఉంది, చట్టం కైరోలో ఉంది, లాఠీ పట్టినవాడి మొహానికి అడ్డం ముసుగుంది, ఎవడి పీక పట్టుకోవాలి, అమ్మ మాత్రం ఆ ప్రశ్న అడగదు, అమ్మది ఎగువ నైలు, సొహాగ్ పక్క పల్లె, అక్కడ చంపబడ్డవాడి ఇంట్లో రక్తానికి రక్తం అందేదాకా ఓదార్పు తీసుకోరు, పరామర్శకొచ్చేవాళ్ళకి గుడారం వెయ్యరు, కాఫీ కాచరు, నలభై రోజులుగా పేట ఆడవాళ్ళు నల్లబట్టలు కట్టుకుని గుమ్మందాకా రావడం, అమ్మ సకీనా గుమ్మంలోనే నిలబడి, మా ఇంట్లో ఎవరూ పోలేదమ్మా, పోయిన రోజు కబురంపిస్తాం, అనడం, వాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి పోవడం, ఇవ్వాళ పొద్దున గలాల్ మొహం కడుక్కుంటుంటే వెనకాల నిలబడి, ఇవ్వాళ్టికి నలభై, కాఫీ గింజలు వేయించనా వద్దా, అని అడిగింది, కూర వండనా వద్దా అన్నట్టే అడిగింది, అతను మొహం తుడుచుకుని బయటికి పోయాడు, ఆవిడ మూకుడు పొయ్యి పక్కన పెట్టుకుని కూచుంది.

జవాబు రగబ్ దగ్గరుంది, వారం నుంచి అదే మాట, సందులో కాఫీ కొట్లు రెండు, మనం కూచునేది సుభీ కొట్టు, ఎదురుగా హాజీ బయూమిది, సుభీ జైల్లో, పోలీసులు పడ్డ రోజు బయూమి కొట్టు మీద గీత కూడా పడలేదు, ఎందుకు పడలేదు, ఆలోచించు మేస్త్రీ, ఆలోచించడానికేముంది, బయూమి కంపెనీకి చందా కట్టి, రసీదు అద్దం కట్టించి గోడకి తగిలించినవాడు, వాడి కొట్లో టీ ఖరీదు రెండింతలు, కస్టమ్స్ గుమాస్తాలూ పెళ్ళిళ్ళు కుదిరినవాళ్ళూ కూచుంటారక్కడ, సుభీ దగ్గర వచ్చేది దొంగ ప్రసారం, అసలుదానికన్నా అరనిమిషం వెనక, అందుకే ఆట ఉన్న రోజు రెండు కొట్లకీ యుద్ధం, గోల్ పడగానే ఎదుటి కొట్లో కేక లేచేది, ఇక్కడ బంతి ఇంకా మైదానం మధ్యలోనే దొర్లుతుండేది, అప్పుడు సుభీ కొట్లో ఉన్న ముప్ఫైమందీ ఒక్కసారి వేళ్ళు చెవుల్లో పెట్టుకునేవాళ్ళు, ఎవరు కొట్టారో ముందే తెలిస్తే ఇంక చూడ్డమెందుకు, సుభీ సౌండు పెంచేవాడు, నీ నోట్లో బూడిద పొయ్యా హాజీ, అర నిమిషం ఆగలేవా, అని అరిచేవాడు, బయూమి గుమ్మంలోకి వచ్చి వేళ్ళ మీద గోల్స్ లెక్క చూపించి ఉడికించేవాడు, పళ్ళులేని నోరంతా తెరిచి నవ్వేవాడు, చందా కట్టండిరా నాయనా, భవిష్యత్తు ముందే తెలుస్తుంది, అనేవాడు, అలాంటి మనిషి పోలీసులకి పేర్లిచ్చాడా, ఇచ్చే ఉంటాడు, నవ్వేవాడే ఇస్తాడు, రగబ్ అన్నాడు, అందరూ అన్నారు, అందరూ అంటే గలాల్ కూడా అన్నాడు.

సందు వచ్చేసింది, బయూమి షట్టర్ దించి ఉంది, లోపలే ఉన్నాడు, మేడమీద ఆడమనిషి ఏడుస్తోంది, మొదటి రాయి గలాల్ నెత్తి మీంచి పోయి బోర్డుకి తగిలింది, రెండోది షట్టర్‌కి తగిలి తిరిగొచ్చి ఎవడి నుదురో చీల్చింది, వాడు నెత్తురు అరచేత్తో తుడుచుకుని ఆ చెయ్యి గోడకి రాశాడు, బయట వదిలేసిన పీటలు కాళ్ళకింద విరిగాయి, హుక్కాల గాజు పగిలింది, ఎవడిదో స్కూటర్ పడేసి నిప్పు పెట్టారు, నల్లటి పొగ కళ్ళల్లోకి, నాలుగొందల గొంతులు, కొట్టు మేస్త్రీ, ముందు నువ్వు కొట్టు, దెబ్బ నీది, గలాల్ సుత్తెత్తి షట్టర్ తాళం మీద వేశాడు, ఇనుము మోగింది, ఆ మోత భుజందాకా పాకింది, ఇంకోటి, ఇదే మోత, ఆ రోజు సుభీ కొట్లో కూడా ఇదే, కళ్ళు మండే పొగ గుండ్లు లోపల పడ్డాక పోలీసులు షట్టర్ని బయటనుంచి లాఠీలతో బాదారు, పొండి బయటికి కుక్కల్లారా, ఇంకోటి, పొగలో దగ్గుతూ ముప్ఫైమంది, షట్టర్ సగందాకా దిగి ఇరుక్కుంది, పైకి పోదు కిందికి రాదు, బయటికి పోవాలంటే నడుం వంచి పోవాలి, ఇంకోటి, ముందు పోయినవాడి తల బయటికి రాగానే మెడమీద దెబ్బ, రెండోవాడు వంగాడు, దెబ్బ, మూడోవాడు వంగాడు, గొర్రెల్ని సన్నటి గుమ్మంలోంచి ఒక్కొక్కదాన్ని తోలినట్టు, లోపలున్నవాళ్ళకి బయట ఏం జరుగుతోందో కనపడదు, పొగ తప్ప, పోండి పోండి అని తోస్తున్నారు, నాదిర్ అయిదోవాడు, గలాల్ రెండు చేతులూ వాడి వీపు మీదున్నాయి, పో, తొందరగా పో, అని నెట్టాడు, చెమటతో తడిసిన చొక్కా కింద వాడి వెన్నెముక చేతికి తగిలింది, తరవాత ఆ వీపు ఒక్కసారి బరువైపోయింది, ఇంకోటి, తాళం తెగింది.

ఓ పదిమంది వేళ్ళు దూర్చి షట్టర్ ఎత్తారు, నడుము దాకా లేచి ఆగింది, వంగి రా హాజీ, నీకు మర్యాదగా చెప్తున్నాం, వంగి బయటికి రా, అన్నాడు రగబ్, వాడి గొంతు ముద్దుగా ఉంది, లోపలినుంచి తెల్ల టోపీ కనిపించింది, అరచేతులు నేలకి ఆనించి, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు బయూమి, తల బయటికొచ్చింది, మెడ, ముడతలుపడ్డ ముసలి మెడ, సరిగ్గా సుత్తి కింద, ఎవడో పక్కటెముకల్లో తన్నాడు, బయూమి మూలిగాడే కానీ తల ఎత్తలేదు, కొట్టు, అమ్మకి కబురు నేనే చెప్తా, కాఫీ వేయించమని, కొట్టు, రగబ్ అంటున్నాడు, గలాల్ చెయ్యి పైకి లేచే ఉంది, సుత్తి బరువు మణికట్టుని వెనక్కి లాగుతోంది, దించితే చాలు, బలం కూడా అక్కర్లేదు, అప్పుడు నేలకేసి చూస్తూనే, నేలతో చెప్తున్నట్టు అన్నాడు బయూమి, నేను గొంతు చించుకున్నాను గలాల్, మూల మీద పోలీసులు బళ్ళు దిగుతున్నారు, పారిపోండి అని, నేనూ నా కొట్లోవాళ్ళూ అందరం అరిచాం, నువ్వు గుమ్మంలోకొచ్చి నా మొహంలోకి చూశావు, చూసి షట్టర్ లాగేశావు, ఇంక కొట్టు.

అబద్ధం, అన్నాడు రగబ్, చావు ముందు అందరూ ఇలాంటివే చెప్తారు, అన్నాడింకెవడో, గలాల్‌కి మాత్రం కేక ఇప్పుడు వినపడుతోంది, ఆ రోజు ఎదుటి కొట్లోంచి ఒక్కసారి లేచిన కేక, సుభీ టీవీలో బంతి కుడిపక్క గీత మీద ఉంది, ముప్ఫైమందీ వేళ్ళు చెవుల్లో పెట్టుకున్నారు, నాదిర్ కళ్ళు కూడా మూసుకున్నాడు, ఎవడు కొట్టాడో చెప్పకండి, చెప్పకండి, సుభీ సౌండు పెంచాడు, అయినా కేక ఆగలేదు, ఎప్పుడూ అంతసేపు అరవరు, ఇవ్వాళ మరీ ఉడికిస్తున్నారు, గుమ్మానికి దగ్గరగా కూచున్నది గలాల్, లేచాడు, సందుకి అవతల బయూమి రెండు చేతులూ గాలిలో తిప్పుతున్నాడు, వేళ్ళ మీద లెక్క చూపించడం లేదు, నవ్వడం లేదు, నోరు తెరిచి ఉంది కానీ అది నవ్వు కాదు, అది అతను చూశాడు, ఒక క్షణం పాటు చూశాడు, ఏదో తేడా ఉందని కూడా తోచింది, తోచినా టీవీలో బంతి పెనాల్టీ గీత దాటుతోంది, ఆలస్యమైతే ఆ గోల్ పోతుంది, అర నిమిషం నోరుమూసుకో హాజీ, అని అరిచి, ఈ చేత్తో, ఇప్పుడు సుత్తి పట్టుకున్న ఈ కుడి చేత్తోనే, షట్టర్ కొక్కెం పట్టి కిందికి లాగాడు, అది సగంలో బిగుసుకుంది, నాదిర్ చెవుల్లోంచి వేళ్ళు తీసి, మంచి పని చేశావన్నా, అన్నాడు, నవ్వాడు, వాడి నోట గలాల్ విన్న ఆఖరి మాట అదే.

గోల్ పడలేదు, ఆ రోజు అసలు గోలే పడలేదు, నలభై రోజులు ఆ రోజు సంగతి అందరికీ చెప్పాడు, పోలీసులకి, లాయరుకి, అమ్మకి, పొగ గురించి చెప్పాడు, లాఠీల గురించి చెప్పాడు, షట్టర్ సగం దిగి ఉందని కూడా చెప్పాడు, ఎవరు దించారని ఒక్కరూ అడగలేదు, అతనూ తనని తాను అడగలేదు, తెలియక కాదు, ఆ చెయ్యి తనది కానట్టు ఎక్కడో దాచి పెట్టాడు, దాన్ని దాచడానికి ఇంకొకడి మెడ కావాల్సి వచ్చింది, ఏం మేస్త్రీ, చేతులు రావట్లేదా, ఇటివ్వు, అని రగబ్ సుత్తి మీద చెయ్యేశాడు, గలాల్ వదల్లేదు, ఇద్దరూ పెనుగులాడారు, వెనకనుంచి ఎవడో విసిరిన ఇటుక వచ్చి గలాల్ భుజానికి తగిలింది, ఎముక పటుక్కుమన్నట్టయింది, అతను ముసలివాడి మీదికి వంగిపోయాడు, పడిపోయాడో వంగాడో అతనికే తెలీదు, బయూమి టోపీ అతని గడ్డం కింద ఉంది, ముసలి ఒళ్ళు వణుకుతోంది, వీపు మీద ఒక కర్ర దెబ్బ, ఇంకొకటి, ఎవరు కొడుతున్నారో చూడడానికి తల తిప్పలేదు, షట్టర్ దించింది నేను, అన్నాడు, ఎవరికీ వినపడలేదు, మళ్ళీ అన్నాడు, నేనురా, నేనే దించాను, గోల చాలా ఎక్కువగా ఉంది, స్కూటర్ టైరు పేలింది, ఇంకా గట్టిగా చెప్పాలి, ఇక్కడ చెప్పాక ఇంటికెళ్ళి గుమ్మంలో నిలబడ్డ అమ్మకి చెప్పాలి, అది సుత్తి దెబ్బ కన్నా కష్టం, అయినా చెప్పాలి, ఎందుకంటే ఈ పేట నలభై రోజులుగా వెతుకుతున్న మనిషి దొరికాడు, మసీదు దగ్గర్నుంచి వాణ్ణి తమ ముందు పెట్టుకుని, దారిచ్చి, మేస్త్రీ అని పిలుస్తూ, వాళ్ళే ఇక్కడిదాకా తీసుకొచ్చారు.