ముహూర్తం చీర

ప్రొద్దుటూరులో బట్టల అంగడికి పోయినవాళ్ళకు రాజభోగం జరుగుతుంది. గుమ్మంలో పన్నీరు చల్లుతారు. కూర్చోగానే చల్లటి బాదంపాలు చేతికిస్తారు. ముత్యాలపందిరి వారి మాలులో అయితే అంతస్తుకొక బాత్రూము, దాంట్లో అగరొత్తులు, అద్దం ముందర పూలకుండీ కూడా ఉంటాయి. తలుపు మీద 'కస్టమర్లకు మాత్రమే' అని బంగారు రంగు అక్షరాలు. అక్కడ పనిచేసే ఆడపిల్లలందరికీ ఉన్నది ఒక్కటే. అది మిద్దె మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, రేకుల కింద ఉంది. పేరు గొప్ప ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదు.

ఆ మాలులో మూడో అంతస్తు పెండ్లి పట్టుచీరలది. ప్రశాంతి అక్కడ చీరలు అమ్ముతుంది. రోజూ పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కి వస్తుంది. మొగుడు సిమెంటు లారీ తోలేవాడు, నడుము పట్టుకుపోయి యాడాదిగా ఇంట్లోనే ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈమె కాళ్ళు నిలబడాలి. కాళ్ళు నిలబడాలి అన్నది మాటవరసకు చెప్పింది కాదు. పొద్దున అంగడి తీసినప్పటి నుంచి రాత్రి షట్టరు దించేదాకా కూర్చోకూడదని అక్కడ రూలు.

ఒకప్పుడు ఆ అంతస్తులో ఆరుగురు ఆడపిల్లలు ఉండేవాళ్ళు. ఒకామె పెండ్లి చేసుకుని పోయింది, ఒకామె కాళ్ళవాపులు తట్టుకోలేక మానేసింది, ఇంకో ఇద్దరు ఒక్కొక్కరే జారుకున్నారు. పోయినవాళ్ళ జాగాలో ఓనరు ఎవరినీ పెట్టలేదు. ప్రశాంతీ, శిల్ప అనే పిల్లా మిగిలారు. ఆరుగురి పని ఇద్దరు చేస్తున్నా అమ్మకాలు తగ్గలేదు కదా, మరి ఆరుగురు దేనికి అని ఓనరు కొడుకు వివేక్ ఒక మీటింగులో నవ్వుతూ అడిగాడు. చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు.

వివేక్ బెంగుళూరులో ఎంబీఏ చదివి వచ్చాడు. వచ్చీ రాగానే ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. బాత్రూముకు పోవాల్సిన వాళ్ళు అందులో 'బ్రేక్' అని రాయాలి. ఫ్లోర్ మేనేజరు చూసి బొటనవేలి బొమ్మ పెట్టాలి. అది పడేదాకా కౌంటరు వదలకూడదు. ఆ గ్రూపులో గోడౌను మొగోళ్ళు, వ్యాను డ్రైవర్లు, వాచ్‌మన్, అందరూ ఉన్నారు. అంటే ఏ ఆడపిల్లకు ఎప్పుడు వచ్చిందో అంగడంతా చదవాలన్నమాట. ఇంత రోత ఆలోచన చదువుకోని వాడికి తట్టదు.

మూడో అంతస్తు మేనేజరు ఆదినారాయణ చెడ్డవాడు కాదు. పిరికివాడు, అంతే. రెండో అంతస్తు మేనేజరు మానేస్తే అది కూడా ఈయన నెత్తినే వేశారు. కౌంటరు ఖాళీగా కనబడితే కెమెరాలో చూసి వివేక్ ఫోను చేస్తాడు. అందుకని బేరం నడుస్తున్నంతసేపూ ఆయన వేలు కదలదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్నట్టు, ఒంటికి వచ్చినా ఆదినారాయణకు దయ రావాలి. ఆడపిల్లలు దీనికొక మందు కనిపెట్టారు. నీళ్ళు తాగడం మానేశారు. బయట రాళ్ళు పగిలే ఎండ, లోపల నోరు ఎండబెట్టుకుని, ఆ నోటితోనే 'రండమ్మా, కూర్చోండమ్మా' అని పిలుపులు. నెల తిరగకుండా ఒకరికి మంట, ఒకరికి జ్వరం, ఒకరికి నడుములో పోట్లు.

వైశాఖంలో ముహూర్తాలు ముంచుకొచ్చాయి. ఒకనాడు మధ్యాహ్నం పులివెందుల నుంచి ఒక పెండ్లివారు రెండు బండ్లలో దిగారు. పెద్ద బేరం కాబట్టి వివేకే స్వయంగా వచ్చి పెద్దాయన పక్కన కూర్చుని కబుర్లు మొదలుపెట్టాడు. చీర ఎట్లా కనబడుతుందో చూడాలంటే అమ్మే పిల్లే తన మీద కట్టి చూపించాలి, అది ఆ అంగళ్ళలో పద్ధతి. శిల్ప యూనిఫాం చీర మీదనే మామిడిపండు రంగు పట్టుచీర కుచ్చిళ్ళు పెట్టుకుని నిలబడింది. అప్పటికే గ్రూపులో రెండుసార్లు బ్రేక్ అని పెట్టి ఉంది. జవాబు రాలేదు. ప్రశాంతి ఆ పిల్ల ముఖం చూసి ఆదినారాయణ దగ్గరికి పోయి, మామా, దాన్ని ఒకసారి పంపించు అని మెల్లగా అడిగింది. ఆయన వివేక్ వైపు చూసి, ఈ ఒక్క చీర కానీలేమ్మా అన్నాడు.

ఆ ఒక్క చీర కాలేదు. శిల్ప కండ్లు మూసుకుంది. ప్రశాంతికి అర్థమైపోయింది. పట్టు మీద తడి పాకుతోంది, ఇంకా ఎవరూ చూడలేదు. పక్కన ట్రేలో కస్టమర్లకు పెట్టిన నీళ్ళ జగ్గు ఉంది. ప్రశాంతి దాన్ని అందుకుని, కాలు తట్టుకున్నట్టు తూలి, శిల్ప నడుము మీద మొత్తం కుమ్మరించి తానూ మీద పడింది. చప్పుడుకు వివేక్ ఇటు తిరిగేసరికి ఇద్దరు ఆడపిల్లలు నిలువునా తడిసి ఉన్నారు. కండ్లు యాడ పెట్టుకున్నావని ప్రశాంతిని అందరి ముందరా తిట్టాడు. పెండ్లివారు నవ్వుకుని వేరే చీర అడిగారు.

మిద్దె మీద రేకుల కింద శిల్ప వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పిల్లకు ఈ ఊళ్ళోనే సంబంధం కుదిరింది. అత్తగారి తరఫువాళ్ళు ఇద్దరు ఇదే వీధిలో పనిచేస్తారు.

"ఎవురికీ చెప్పొద్దక్కా. తెలిస్తే నేను బతకను."

ప్రశాంతి ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి, చెప్పనని ఒట్టేసింది. చీర విషయం అప్పుడు ఆమెకు తోచలేదు. పాడైన సరుకులో పడేస్తారనుకుంది. సాయంత్రం అది ఏసీ మెషీను పక్కన ఆరేసి ఉండడం చూసి, ఆ చీర ఇంక పనికిరాదు, పక్కన పెట్టించండి అని ఆదినారాయణకు చెప్పింది. నీళ్ళే కదమ్మా, నీ అదృష్టం బాగుంది అన్నాడాయన. పాలిష్‌కు పంపారు. మడత పెట్టి, సెంటు కొట్టి, కొత్త చీటీ తగిలించి ర్యాకులో పెట్టారు. పాలిష్ ఖర్చు ప్రశాంతి జీతంలో పట్టుకున్నారు.

ఇక అప్పటి నుంచి ఆమెకు అదొక పని అయింది. పొద్దున రాగానే ఆ చీరను దొంతరలో అట్టడుగుకు తోస్తుంది. ఎవరైనా మామిడిపండు రంగు అడిగితే పసుపుపచ్చ చూపిస్తుంది, గంధం రంగు చూపిస్తుంది. ఒక ఆడపిల్ల పెండ్లిపీటల మీద ఆ చీర కట్టుకుని కూర్చోవడం తలుచుకుంటే రోత పుడుతుంది. అంతకంటే ఎక్కువ రోత పుట్టించేది ఇంకొకటి ఉంది. ఆ చీరకు పాలిష్ చేయించిన వాళ్ళు, దాన్ని మోసిన పిల్లకు ఏమైందో ఒక్క మాట అడగలేదు.

కొన్నాళ్ళకు వీరపునాయునిపల్లె నుంచి అలివేలమ్మ అనే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళది సేద్యం. కూతురి ముహూర్తానికి మామిడిపండు రంగే అచ్చొస్తుందని అయ్యవారు చెప్పాడట. ప్రశాంతి అన్ని రంగులూ తిప్పి చూపించింది. ఆమె వినలేదు. బేరం ఎంతకీ తెగకపోవడం కెమెరాలో చూసి వివేక్ కిందినుంచి వచ్చాడు. ర్యాకులో చెయ్యి పెట్టి దొంతర లేపి, అట్టడుగునుంచి ఆ చీరనే లాగాడు.

"ఇంత మంచి పీసు కింద తొక్కి పెట్టినారే," అన్నాడు. తీసుకుపోయి అలివేలమ్మ చేతుల్లో పెట్టాడు.

ఆమె చీరను కండ్లకద్దుకుంది. కూతురి ఒళ్ళో పెట్టి, అంచుకు పూయడానికని బొడ్లో సంచి నుంచి పసుపు పొట్లం తీసింది. శిల్ప ర్యాకు పట్టుకుని నిలబడింది, ముఖంలో నెత్తురు లేదు. చెబితే శిల్ప బతుకు పోతుంది. చెప్పకపోతే ఈ తల్లి చేతిలో పసుపు ఆ చీరకు అంటుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"వద్దమ్మా, పసుపు పెట్టొద్దు. ఆ చీర మంచిది కాదు," అంది ప్రశాంతి.

అలివేలమ్మ వెలుతురుకు పెట్టి చూసింది. మరక లేదు, పోగు లేచింది లేదు. వివేక్ ముఖం మీది నవ్వు చెరగకుండానే గొంతు మార్చాడు. కస్టమర్ తీసుకుంటానన్న సరుకును అమ్మే మనిషే వద్దంటుందా, ఏముంది దానికి, చెప్పు, అమ్మగారి ముందరే చెప్పు అన్నాడు. ప్రశాంతి ఒక్క క్షణం శిల్ప వైపు చూసి, నోరు మెదపొద్దని కండ్లతోనే చెప్పింది.

"ఆ దినం దాని మింద పడింది ఉత్త నీళ్ళు కాదు సార్. నేను ఆపుకోలేకపోయినా. నిలబడిన తావునే అయిపోయింది. ఎవురూ చూడకూడదని జగ్గు కుమ్మరించినా."

ఆ దినం చీర ఎవరి ఒంటి మీద ఉండిందో వివేక్‌కు గుర్తులేదు. యూనిఫాం కట్టుకున్న ఆడపిల్లలు, అంతవరకే వాడికి తెలుసు. ఆదినారాయణకు మాత్రం బాగా గుర్తుంది. ఆయన ప్రశాంతి వైపు చూసి, శిల్ప వైపు చూసి, తల దించుకున్నాడు. ఆ మనిషి జన్మలో చేసిన మేలు అదొక్కటే, నోరు మూసుకోవడం.

పెండ్లికూతురు పాము పడ్డట్టు చీరను ఒళ్ళోనుంచి విదిలించి లేచింది. అలివేలమ్మ ఛీ ఛీ అంటూ చేతులు కొంగుకు తుడుచుకుంది. పక్క బేరం వాళ్ళు ముక్కు మీద గుడ్డ పెట్టుకున్నారు. ఇన్నాళ్ళు సెంటు వాసన తప్ప ఏమీ తగలని ముక్కులవి. ఎందుకు ఆపుకోవాల్సి వచ్చిందని అడిగినవాళ్ళు ఆ అంతస్తులో ఒక్కరంటే ఒక్కరు లేరు.

"నీకు సిగ్గు లేదా?" అన్నాడు వివేక్.

"ఉండె సార్. మీ గ్రూపులో అందురి ముందర బ్రేక్ బ్రేక్ అని అడిగి అడిగి అరిగిపోయింది."

వివేక్ ఆదినారాయణ వైపు తిరిగి, రేపటి నుంచి స్టాఫు ఎవరూ నీళ్ళ బాటిళ్ళు అంతస్తులోకి తేకూడదని ఆర్డరు వేశాడు. తాగితేనే కదా వచ్చేది. గోటితో పోయేదానికి గొడ్డలి తీసుకోవడం విన్నాం గానీ, దాహానికే తాళం వేసేవాణ్ణి చూడాలంటే ఇక్కడికే రావాలి. తర్వాత అలివేలమ్మకు చేతులు కడుక్కోవడానికి బాత్రూము చూపించాడు, కొత్త స్టాకులో తగ్గింపు ఇస్తానన్నాడు. తగ్గింపు మాట వినగానే ఆమె మళ్ళీ కూర్చుంది. ఇంకొక గ్లాసు బాదంపాలు వచ్చాయి. ప్రశాంతిని కిందికి పోయి ఆఫీసులో లెక్క చూసుకుని ఇంటికి పొమ్మన్నాడు.

ఆమె మెట్ల దాకా పోయింది. ఇంటి దగ్గర మొగుడికి ఏం చెప్పాలి అన్నదొకటే బుర్రలో తిరుగుతోంది. అంతలో వెనక నుంచి వివేక్ గొంతు వినిపించింది, శిల్పా, కట్టి చూపించు అని. తిరిగి చూసింది. శిల్ప ఇంకొక మామిడిపండు రంగు చీర భుజాన వేసుకుని నిలబడి ఉంది. ఒక చేతిలో ఫోను ఉంది, దానివైపు మాటిమాటికీ చూసుకుంటోంది. మోకాళ్ళు రెండూ దగ్గరికి బిగబట్టుకుని ఉంది.

ప్రశాంతికి ఒళ్ళు మండిపోయింది. అసహ్యం అనేది కోపం కంటే ముందు గొంతులోకి వస్తుందని ఆమెకు ఆ పూట తెలిసింది. గబగబా వెనక్కి వచ్చి శిల్ప భుజం మీది చీర తీసి తన మీద వేసుకుంది.

"పోయిరా పో," అంది.

శిల్ప ఆదినారాయణను చూసింది, వివేక్‌ను చూసింది.

"వాళ్ళను చూడొద్దు. నువ్వు వచ్చేదంక నేను నిలబడుకోనుంటా. పో."

ఆమె చెయ్యి తగిలిన చీర మాకొద్దని అలివేలమ్మ గట్టిగానే అంది. వివేక్ అరుస్తూ మీదికి వచ్చాడు. వచ్చినవాడు రెండడుగుల దూరంలో ఆగిపోయాడు. ఆమెను పట్టి పక్కకు లాగాలంటే ముట్టుకోవాలి, వాడికి చెయ్యి రాలేదు. వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ కూడా వచ్చి దూరంగానే నిలబడ్డాడు. తమ రోతకు తామే భయపడి అందరూ చుట్టూ ఎడం ఇచ్చి నిలబడ్డారు. ఆ ఎడంలో ప్రశాంతి పట్టుచీర భుజాన వేసుకుని, మోకాళ్ళు వదులుగా పెట్టుకుని నిలబడింది. శిల్ప ఎవరినీ అడగకుండా మిద్దె మెట్లెక్కింది.