నొప్పి తగ్గిన సాయంత్రం

నేను ఒక టాబ్లెట్‌ను. మింగే బిళ్లను కాను, వేలితో తాకితే వెలిగే పలకను. నన్ను బిగించిన కర్మాగారంలో అందరూ ముక్కూ నోరూ మూసుకునే పనిచేసేవారు. మనుషులకు కళ్లు మాత్రమే ఉంటాయనుకున్నాను. కాకినాడ వచ్చి, డాక్టర్ సువర్చల గారి అత్తగారి ఒళ్లో చేరాకే మనిషి నోరు చూశాను. ఆవిడ నాలో వంటలు చూస్తూ, అవన్నీ తప్పని నాతోనే వాదించేది. అంతలో కరోనా వచ్చింది. మనుషులు మళ్లీ నోళ్లు కప్పుకున్నారు.

సువర్చల గారు సర్జన్. ఆపరేషన్లు చాలావరకు ఆగిపోయాయి. ఆ జబ్బు ఆమెకే అంటుకుని మేడమీది గదిలో ఒంటరిగా ఉండాల్సి రావడంతో నేను ఆమె చేతికి వచ్చాను. పొద్దున మెడికల్ కాలేజీ విద్యార్థులకు పాఠం, ఆపైన రోగులు. ఎదురుగా కూర్చుంటే చెప్పడానికే సిగ్గుపడే పుండును మనుషులు నాకు మాత్రం ధైర్యంగా చూపించేవారు. అయితే నేను చూపించగలను గాని తాకించలేను. పొట్ట నొక్కి చూడటానికి అలవాటుపడ్డ ఆమె వేళ్లు నా అద్దం మీద ఊరికే కదిలేవి.

ఒక మధ్యాహ్నం సముద్రం ఒడ్డునున్న పేట నుంచి కాసులమ్మ తన ఫోన్లోంచి నాలో కనిపించింది. పక్కన ఆమె భర్త నూకరాజు కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు.

“కుడివైపు కింద మెల్లగా నొక్కి, చటుక్కున చెయ్యి తీసెయ్యమ్మా,” అన్నారు డాక్టరు గారు.

కాసులమ్మ అలాగే చేసింది. నూకరాజు కేకకు నా స్పీకరు బొంగురుపోయింది.

“అపెండిక్స్. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.”

“ఆ మాటనకండమ్మా. మా మరిది కరోనా అని ఆసుపత్రికి నడిచెల్లేడు, మూటలో వచ్చేడు. మందు చెప్పండి, చాలు.”

ఎంత నచ్చజెప్పినా వినలేదు. గత్యంతరం లేక మందులు చెప్పారు.

సాయంత్రం కాసులమ్మే మళ్లీ ఫోన్ చేసింది. ముఖం వెలిగిపోతోంది. “నొప్పి పోయిందండి! గంజి అడుగుతున్నాడు. మీ హస్తవాసి గొప్పదండి.”

డాక్టరు గారు నవ్వలేదు. ఆ ముఖం పాలిపోవడం నేను చూశాను.

“గంజి పొయ్యకు. పొట్ట మీద చెయ్యి వెయ్యి. మెత్తగా ఉందా?”

“లేదండి… పడవ చెక్కలా ఉందండి.”

“కాసులమ్మా, అది తగ్గడం కాదు. లోపల పగిలింది. ఇంట్లో ఉంచితే బతకడు.”

“అక్కడైతే బతుకుతాడా?”

డాక్టరు గారు నన్ను దూరంగా జరిపారు. చెదిరిన జుట్టు, వేలికి తగిలించుకున్న ఆక్సిజన్ మీటరు కనబడేలా కూర్చున్నారు. “మీ మరిదికొచ్చిన కరోనా నాకూ ఉంది. బతుకుతాడని ఒట్టు పెట్టలేను. కానీ ఆపరేషన్ అయ్యేదాకా నేను చూస్తూనే ఉంటాను.”

“మీక్కూడానా తల్లీ…” అంది కాసులమ్మ. ఆ తర్వాత ఆటో కోసం బయటికి కేకేసింది.

దగ్గరి ఊళ్లోని చిన్న ఆసుపత్రిలో డాక్టరు గారి పాత శిష్యుడు ఫయాజ్ కత్తి పట్టాడు. పగిలిన అపెండిక్స్‌కు ఒంటరిగా చెయ్యి పెట్టడం అతనికి అదే మొదలు. నర్సు పట్టుకున్న ఫోన్లోంచి తెరిచిన కడుపు నాలోకి వచ్చింది. నిండా చీము.

“మేడమ్, ఏమీ కనబడటం లేదు.”

“కంగారు పడకు నాన్నా. ముందు కడుగు. వేలితో వెతుకు, దొరుకుతుంది.”

దగ్గు వచ్చినప్పుడల్లా ఆమె నా మైకుకు అరచెయ్యి అడ్డం పెట్టేవారు, అతని చెయ్యి వణకకూడదని. అపెండిక్స్ దొరికింది. నూకరాజు బతికాడు.

మర్నాడు పొద్దున పాఠం. విద్యార్థులందరూ పేర్లు రాసిన నల్లని గళ్లు.

“పొట్టలో నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే ఏమనుకోవాలి?” అని అడిగారామె.

“నయమైందని, మేడమ్,” అంది ఒక గడి.

ఆమె ఏదో చెప్పబోయారు. ఊపిరి అందలేదు. నేను ఆమె చేతిలోంచి జారి మంచం మీద వెల్లకిలా పడ్డాను.

“మేడమ్, వినబడటం లేదు. మ్యూట్‌లో ఉన్నట్టున్నారు.”

నేను మ్యూట్‌లో లేను. అంబులెన్సు వచ్చి వెళ్లేదాకా వాళ్లు ఆ మాటే అంటూ ఉన్నారు.

చాలా కాలానికి ఆమె తిరిగి వచ్చారు. ఆపరేషన్ బల్ల దగ్గర గంటల తరబడి నిలబడే ఊపిరి మాత్రం రాలేదు. ఇప్పుడు వార్డులో కూర్చుని, ప్రతి విద్యార్థి చేతినీ రోగి పొట్ట మీద తానే పెట్టిస్తారట.

నన్ను ఆన్‌లైన్ పాఠాలకని కాలేజీకి ఇచ్చేశారు; ఇప్పుడు నేను అక్కడి బీరువాలో ఉన్నాను. ఎక్కడో కొత్త జ్వరం పుట్టిందని వార్త వచ్చినప్పుడల్లా ఎవరో తలుపు తీసి, నన్ను తుడిచి, ఛార్జింగ్ పెడతారు. వార్త చల్లబడగానే వైరు తీసి, మళ్లీ బీరువాలో పెట్టి మరిచిపోతారు.

పోయిన వారం మళ్లీ ఛార్జింగ్ పెట్టారు. ఈసారి వైరు ఇంకా తీయలేదు.