తడిస్తేనే కనిపించే చార

ఆ పొద్దున దుమ్ముగూడెం దిక్కున మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. రాలితే నాకు పదహారు బిందెల మోత తప్పేది. క్వారీలో కొట్టే ముందు రాయిని తడపాలి. పొడిరాయి లోపలి సంగతి చెప్పదు. తడిసిందంటే గులాబీ పలుకులు, గాజులాంటి పలుకులు, మధ్య మధ్య నల్ల అభ్రకం, అన్నీ తేలతాయి. వాటిని అడ్డంగా కోసుకుపోయే నల్లచార కూడా. సర్వేకు వచ్చిన మేడమ్ దాన్ని డైక్ అన్నది. ఎర్రరాయి గట్టిపడ్డాక, దాని పగుళ్లలోకి కింది నుంచి కరిగిన నల్లరాయి దూరిందట. చార నడుమ పలుకు ముతకగా ఉంటుంది, అంచున పిండిలా నున్నగా ఉంటుంది. ఆ అంచునే రాయి విడుస్తుంది. ఈ మాట నా వేళ్లకు పదకొండేళ్లుగా తెలుసు. హాజరు పుస్తకంలో మాత్రం నా మొగుడు, మేస్త్రీ చందర్ పేరే ఉంది. అనంతమ్మ అన్న నా పేరు ఎక్కడా లేదు. "ఇంట్ల మోస్తలేవా? గాడ మోస్తె అరిగిపోతవా?" అంటుంది అత్త, కూలి సంగతెత్తితే.

పోయిన నెల రాయి చీల్చే మేకులు ఆ అంచు మీద దించొద్దన్నాను. చందర్ దించాడు. రాయి జారి కూలి జంపయ్య పాదం నుజ్జయింది. "నా పెండ్లాం సరిగ తడపలె సార్" అని ఓనరుకు చెప్పాడు.

ఇవాళ మళ్లీ ఆ చారే. నడుమెత్తు రాయి. మేకులు సగం దిగాయి. కింది పక్కన ఇంకో కూలి సీతయ్య కూర్చుని రాళ్లు ఏరుతున్నాడు.

"ఆడ కొట్టకు. సీతన్న మీద పడ్తది."

చందర్ నా చెంప మీద కొట్టాడు. "నీళ్లు పోసేదానివి నీళ్లు పొయ్యి. రాయి సంగతి నీకేంది?"

కూలీల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వుకు ఇంకా రేగి, జుట్టు పట్టి నా ముఖాన్ని రాయికేసి మోదాడు. "సూడు! ఏడుందే నీ చార?"

కంటికి బెత్తెడు దూరంలోనే ఉంది. నా నెత్తురుకు తడిసి ఇంకా నల్లగా కనిపించింది.

"సీతన్నా, లేచి ఇవతలికి రా."

నా గొంతు విని సీతయ్య ఏరిన రాళ్లు వదిలేసి వచ్చాడు. నేను సమ్మెట అందుకున్నాను. చందర్ చెయ్యి ఇంకా రాయి మీదే ఉంది.

"తియ్యి."

"ఏంజేస్తవే?"

ఆ చేతికి జానెడు అవతల ఉన్న మేకు మీద కొట్టాను. మొదటి దెబ్బకే చెయ్యి తీశాడు. మూడో దెబ్బకు రాయి అంచు వెంబడి విడిపోయి, సీతయ్య కూర్చున్న చోటును పూడ్చేసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మధ్యాహ్నం సద్ది గిన్నెల మూట విప్పాను. పదకొండేళ్లలో మొదటిసారి ముందు నాకు పెట్టుకున్నాను. తర్వాత సీతయ్యకు. చందర్ తన పళ్లెం తనే తెచ్చుకుని వడ్డించుకున్నాడు. ముగ్గురం ఆ పగిలిన రాయి మీదే కూర్చుని తిన్నాం. పచ్చిపులుసు తెగిన పెదవికి తగిలి మండింది. సమ్మెట నా మోకాలి పక్కనే ఉంది.