పుప్పొడి రంగు

అడవిలో చెట్ల నీడన ఏరుకొచ్చిన లిల్లీ గింజల్ని పెరటి గోడ పక్కన చల్లిన రోజు నుంచీ, కుట్టుపని చేసే అక్కకీ బస్సు నడిపే బావకీ పడలేదు. అది అరుదైన అడవి లిల్లీ అని ఆవిడ. ఎవరో పారేసిన తోటరకం అడవి అంచున మొలిచిందని ఆయన. రెంటికీ ఆకూ ఒకటే, పువ్వూ ఒకటే. తేడా అంతా పుప్పొడిలోనే. అడవిదానికి ఇటుక రంగు, తోటదానికి పసుపు. లిల్లీ గింజ మొలిచి పూతకు రావాలంటే ఏళ్ళు పడుతుంది. అన్నేళ్ళూ ఆయన వెక్కిరిస్తూనే ఉన్నాడు, ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కుతూనే ఉంది.

ఆ ఉదయం మొగ్గ విచ్చింది. బావ డ్యూటీ దిగి వచ్చాక ఇద్దరూ కలిసి చూడాలని ఒప్పందం. అక్క మిషను ముందు కూర్చుందన్నమాటే గానీ మనసంతా పెరట్లోనే ఉంది. ఇక ఆగలేక లేచి వెళ్ళింది. పువ్వులో పుప్పొడి మోసే కేసరాలు లేవు! పక్కన చెల్లెలు చేతులు దులుపుకుంటోంది.

"ఏం చేశావే?"

"పుప్పొడి బట్టలకంటితే మరక పోదక్కా. షాపులో లిల్లీ విచ్చగానే గిల్లేస్తాం. అలవాటు."

పూలషాపులో పనిచేసే పిల్లని ఇంట్లో పెట్టుకోవడం తనదే బుద్ధి తక్కువ! అక్క దాని చెయ్యి పట్టుకుని లాగింది. గోళ్ళ సందుల్లో పొడి ఇరుక్కుని ఉంది. వెలుగులోకి తిప్పి చూసింది.

పసుపు. అనుమానానికి తావులేని పసుపు.

"పోయి సబ్బుతో కడుక్కో," అంది అక్క. "గోళ్ళు కూడా."

అంతలోనే డ్యూటీ దిగి వచ్చిన బావ గుమ్మంలో ఉండగానే అక్క మొదలుపెట్టింది. "చూడండి ఈ మహాతల్లి నిర్వాకం! కేసరాలన్నీ పీకి పారేసింది. ఇన్నేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరు చేసింది! ఇక రంగు తేలేదెలా?" గొంతు పోయేదాకా అరిచింది. చెల్లెలు తడిచేతులతో నిలబడి అక్క మొహంలోకి చూసింది. తర్వాత తల దించుకుంది.

"తప్పయిపోయింది బావా."

బావకి జాలేసింది. "పోన్లే, పాపం, దాన్నెందుకు తిడతావ్? నువ్వే గెలిచావ్. అడవి లిల్లీయే, సరేనా?"

ఆ మాట అనిపించుకోవడానికే ఇన్నేళ్ళూ కొట్లాడింది. తీరా వింటే ఒళ్ళంతా భగ్గున మండింది.