కుదురులేని తలుపు

పొద్దున్నే టీ తాగి, జడ వేసుకుని, కత్తెరా టేపూ సంచిలో పడేసుకుని ఆ అమ్మాయి తలుపు దగ్గర కాసేపు ఆగేది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకునేది. అవతల ఎవరిల్లు ఉంటుందో తెలియదు కదా, ఎవరింట్లోనైనా చెప్పులతో నడవడం బాగుండదు.

ఆ మేడలో కొత్తగా దిగినవాళ్ళ తలుపులు అంతే. పాతవాళ్ళవి బుద్ధిగా వరండాలోకి తెరుచుకుంటాయి. కొత్తవాళ్ళవి రోజుకో చోటికి పోతాయి. ఒకరోజు బట్టలారేసే గదిలోకి, ఇంకోరోజు ఎవరో తల తుడుచుకుంటున్న పడగ్గదిలోకి. బయటినుంచి లోపలికి వచ్చేవాళ్ళకు మాత్రం ఏ ఇబ్బందీ ఉండదు, తలుపు దాని చోట అదే ఉంటుంది. ఇల్లు అద్దెకిచ్చినాయన తాళంచెవి చేతికిస్తూనే చెప్పాడు. "కుళాయి కొంచెం కారుతుంది. తలుపు కుదురుకోడానికి కొన్నాళ్ళు పడుతుంది." కుళాయి గురించే ఎక్కువసేపు మాట్లాడాడు.

సముద్రాలు దాటి ఒక్కతే వచ్చింది ఆ అమ్మాయి. కర్టెన్లు కుట్టే కొట్టులో పని. అక్కడి భాషలో ఆమెకు తడబడకుండా వచ్చిన మొదటి మాట, "క్షమించండి, పొరపాటున వచ్చాను." రోజూ అదే అంటూ, తల దించుకుని, ఎవరి వంటింట్లోంచో గబగబా నడిచి వీధిలో పడేది. మేడంతా ఆమెకు పొరపాటమ్మాయి అని పేరు పెట్టేసింది. ముద్దుగానే పెట్టారు గానీ, ఆ ముద్దు ఆమెదాకా చేరలేదు.

ఆమె మాత్రం మనసులో అందరితోనూ వరసలు కలిపేసుకుంది. రొట్టెలు కాల్చే లావుపాటావిడ పిన్ని. రెండో అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైరైన బస్సు డ్రైవరు తాత. ఒక్కరినీ పైకి అలా పిలిచింది లేదు. తాత గోడలోంచి తెరుచుకోవడమంటే ఆమె తలుపుకి మహా ఇష్టం. వెళ్ళినప్పుడల్లా ఆయన బల్ల దగ్గర రెండో కుర్చీ ఇవతలికి లాగి ఉండేది. ఎవరో చుట్టాలొస్తున్నారు కాబోలు, మధ్యలో నేనొకదాన్ని అనుకుని ఆమె ఇంకాస్త జోరుగా నడిచేది.

ఇంత తిరిగినా ఆమె గుమ్మంలో ఆమె చెప్పులు తప్ప ఇంకొకరివి కనబడలేదు. అది ఆమెకు చాలా బాధగా ఉండేది. ఒక ఆదివారం వదినకు ఫోన్ చేసి చెప్పేసింది.

"వచ్చేస్తాను వదినా. అందరిళ్ళూ చూశాను. ఒక్కళ్ళు కూడా కూర్చోమనలేదు."

"నువ్వు నిలబడితే కదా అనడానికి? చిన్నప్పట్నుంచీ నీది పరుగే," అంది వదిన. తర్వాత గొంతు తగ్గించి, "సరే వచ్చెయ్యి. నీ మంచం అలాగే ఉంది," అంది.

పని మానేస్తున్నానని కొట్టులో చెప్పేసింది. శనివారానికి టికెట్ తీసుకుంది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెట్టెలోనే అన్నీ సర్దింది. ఇన్నాళ్ళున్నా పెట్టె ఏమీ బరువెక్కలేదు.

శనివారం పొద్దున పెట్టె పట్టుకుని తలుపు తీసింది. తాత గది. మీది అరలోంచి ఏదో తీయబోతే కాబోలు, బీరువా ఒరిగి ఆయన గది గుమ్మానికి అడ్డంగా పడింది. తాత కాలు దాని కింద ఇరుక్కుంది. బయట పిన్ని తలుపు దబదబా బాదుతోంది.

"క్షమించండి, పొరపాటున..." అని అలవాటుగా అనేసి, ఆమె ఆగిపోయింది.

"ఇవాళ కూడా పొరపాటేనా?" అన్నాడు తాత, నొప్పిలోనే నవ్వబోతూ. "తెల్లారినప్పట్నుంచీ ఈ గోడ వంకే చూస్తున్నా తల్లీ, నువ్వొస్తావని."

ఆమె పెట్టె తన గదిలోనే వదిలేసి వచ్చి బీరువా పట్టుకుంది. కదల్లేదు. అప్పుడు ఎన్నడూ లేనిది గొంతెత్తి అరిచింది. "పిన్నీ! ఇటు రాలేరు! మా ఇంట్లోంచి రండి! అందర్నీ తీసుకురండి!"

వచ్చారు. కింద వరండాలోంచి ఆమె ఇంట్లోకి వచ్చి, గిర్రున వెనక్కి తిరిగి, మళ్ళీ అదే తలుపు దాటి తాత గదిలోకి దిగారు. బీరువా లేపారు. తాతను మోసుకొచ్చి ఆమె మంచం మీదే పడుకోబెట్టారు. కట్టు కట్టడానికి వచ్చిన నర్సు ఎముక విరగలేదని చెప్పాక, అందరూ ఎక్కడివాళ్ళక్కడ కూలబడ్డారు. కుర్చీ ఒక్కటే ఉంది. సర్దిపెట్టిన పెట్టె మీద పిన్ని కూర్చుంది.

విమానానికి టైమవుతోంది. పెద్దావిడను లేవమని ఎలా అనడం? ఆమె టీ పెట్టింది. గ్లాసులు చాలక పక్కవాళ్ళు తెచ్చారు.

"రోజూ నీకోసమే కుర్చీ లాగి పెట్టేవాణ్ణి," అన్నాడు తాత. "నువ్వేమో బస్సు తప్పిపోతున్నట్టు పరుగు."

"మా ఇంట్లోనూ అంతే," అంది పిన్ని. "మేమంటే గిట్టదేమో అనుకున్నాం."

ఆమెకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా తుడుచుకుందామని గుమ్మం వైపు తిరిగింది. గుమ్మం నిండా చెప్పులు. బూట్లు, పాత చెప్పులు, పిన్ని పిండి అంటిన జోళ్ళు, ఒకదానిమీద ఒకటి. తన చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సి వచ్చింది. పైన ఎక్కడో విమానం వెళ్తున్న చప్పుడైంది. పిన్ని ఇంకో గ్లాసు టీ అడిగింది.

సోమవారం పొద్దున ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా వరండా. మూసి మళ్ళీ తీసింది. వరండాయే. తలుపు కుదురుకుంది. సంతోషించాలి గానీ, కాస్త దిగులుగా కూడా అనిపించింది.

చెప్పులు వేసుకుని మెట్లెక్కి, తాత గుమ్మం ముందు విడిచింది. తలుపు ఓరగా తెరిచే ఉంది. కట్టుకట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని తాత బల్ల దగ్గర కూర్చున్నాడు. రెండో కుర్చీ ఇవతలికి లాగి ఉంది.

"ఏమ్మా, పొరపాటా?"

"కాదు తాతా," అంది ఆమె, కుర్చీలో కూర్చుంటూ. "కావాలనే వచ్చాను."