ఆరో సెకను

డీకన్ వీపు మీద ఆరో సెకను చూసినవాడు ఓక్లహోమాలో లేడు. నలభై ఒక్కమంది ఎక్కారు. నలభై ఒక్కమందీ ఐదు దాటకుండానే మట్టి కరిచారు. ఈ శనివారంతో ఆ ఆంబోతుకు ఆట సరి. ఇక పచ్చికా, ఆవులూ. ఎవడికీ లొంగలేదన్న పేరుతోనే దాన్ని ఇంటికి తోలుకుపోవాలని వెల్డా పంతం. తల్లి చచ్చిన దూడకు పాలసీసా పట్టి పెంచింది తనే మరి.

"అత్తా, ఇవాళ ఎనిమిది సెకన్లూ నన్ను మొయ్యాలని నీ డీకన్‌కి కాస్త చెప్పు," అన్నాడు డార్విన్ బిల్లీ, బోను కమ్మీల మీంచి దాని వీపు మీదికి జారుతూ.

"నువ్వే చెప్పుకోరా దాని చెవిలో. పోయినేడు మీ అన్న చెప్పబోయాడు. మాట పూర్తికాకముందే మట్టిలో పళ్ళు వెతుక్కున్నాడు."

కమ్మీలెక్కి కూర్చున్నవాళ్ళు గొల్లుమన్నారు. డార్విన్ కూడా నవ్వుతూనే పగ్గాన్ని అరచేతికి చుట్టి పిడికిలి బిగించాడు. ఎనిమిదో సెకనుకు బూర మోగేదాకా పడకూడదు, రెండో చెయ్యి గాల్లోనే ఉండాలి. దేనికి తగిలినా ఆట పోయినట్టే. ఆంబోతు ఎగిరేలా దాని డొక్కకు కట్టిన పట్టీ కొస వెల్డా చేతిలో ఉంది. డార్విన్ తలాడించాడు. తలుపు తెరుచుకుంది. ఆమె పట్టీ లాగి వదిలింది.

ముప్పావు టన్ను ఒళ్ళు గాల్లోకి లేచింది. ఎడమకు సుడి తిరిగింది. మూడు, నాలుగు. ఐదు దగ్గర ఎప్పట్లాగే భుజం దించింది. అందరూ రాలిపోయేది అక్కడే. డార్విన్ ఒరిగాడు. పోయాడనుకుంటే, మళ్ళీ నిటారుగా లేచాడు.

ఆరు.

నాలుగు గిట్టల కిందా ఎండ కనబడుతుండగా, డీకన్ గాల్లోనే నడుం మెలితిప్పి కుడికి తిరిగింది. ఎవరూ నేర్పని తిరుగుడు. తొమ్మిదేళ్ళు మేత వేసిన వెల్డాకే తెలియదు, ఇది దీని ఒంట్లో ఉందని. బయటపడేదాకా నిలిచినవాడు లేకపోయె! వాడు పడాలని పొద్దుటినుంచీ మొక్కుకుంటున్న వెల్డా నోరే, "ఉండరా, ఉండు," అంటోంది.

బూర మోగింది.

డార్విన్ దూకి, కుంటుతూ పరుగెత్తి కమ్మీలెక్కాడు. న్యాయనిర్ణేతలు ఇద్దరికీ కలిపి వందకు తొంభై నాలుగు వేశారు. అందులో డీకన్ వాటా యాభైకి నలభై తొమ్మిది.

"దాని పేరు పోగొట్టాను, అత్తా," అన్నాడు రొప్పుతూ.

వెల్డా టోపీ తీసి గుండెకు ఆనించుకుంది. తనంతట తనే గేటు వైపు నడుస్తున్న ఆంబోతును ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"పేరుకేంలేరా. తొమ్మిదో సెకనులో ఏం చేసి ఉండేదంటావ్?"